కుంగుబాటు, ఆందోళనలకు ప్రాథమిక స్థాయిలోనే చికిత్స: వైద్య సిబ్బంది శిక్షణపై నేపథ్య వ్యాసం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోగి తనకు దిగులుగా ఉన్నదని చెప్పుకోవడం అరుదు. తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో మంటలు, "నరాల బలహీనత" అని మాత్రమే చెబుతారు. బలం మందులు, నొప్పి మాత్రలు, ఒక్కొక్కప్పుడు నిద్రమాత్రలు రాసి పంపడంతో అసలు రుగ్మత ఏళ్ల తరబడి మరుగున పడిపోతుంది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటుకు లోనైన ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్య నిపుణుడైనా లేని దేశంలో ఈ లోటును పూరించవలసినది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1970వ దశకంలోనే బెంగుళూరు సమీపంలోని సకలవారలోను, హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలోను గ్రామీణ ఆరోగ్య సిబ్బందికి మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చి చూశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. మన సరిహద్దు జిల్లా అయిన బళ్లారిలో 1985-90 మధ్య నిమ్హాన్స్ అమలు చేసిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి నాలుగు జిల్లాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. అయితే నాటి శిక్షణలో తీవ్ర మానసిక వ్యాధులకు, మూర్ఛకు దక్కిన ప్రాధాన్యం కుంగుబాటు, ఆందోళనలకు దక్కలేదు.

శిక్షణలో వైద్యాధికారి నేర్చుకోవలసినది సంక్లిష్టమైనదేమీ కాదు. పి.హెచ్.క్యూ.-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో 27కు 10 లేదా ఆపైన మార్కులు వస్తే కుంగుబాటు ఉన్నదేమోనని నిశితంగా పరిశీలించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం లేవని నిర్ధారించుకోవాలి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం నిరాధారం. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, కుదుటపడిన తరువాత కూడా 9 నుంచి 12 నెలలు వాడాలని రోగికి, ఇంటివారికి ముందే చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోతే రోగి గుణం కనిపించలేదని పది రోజులకే మందు మానేసే ప్రమాదమున్నది. నిద్రమాత్రలను కుంగుబాటుకు చికిత్సగా వాడరాదు. ప్రాణాపాయ సూచనలు, భ్రమలు ఉన్నవారిని, గతంలో అతి ఉత్సాహ దశ వచ్చినవారిని నిపుణుల వద్దకు పంపాలి.

అయితే వైద్యునికి తెలియజేస్తే సరిపోతుందా? గోవాలో 24 వైద్య కేంద్రాలలో జరిపిన 'మానస్' అధ్యయనం 2010లో దీనికి సమాధానమిచ్చింది. ఒక వర్గం కేంద్రాలలో రుగ్మత ఎవరికున్నదో వైద్యులకు తెలిపి, చికిత్సా మార్గదర్శకాలు మాత్రం ఇచ్చారు. మరొక వర్గంలో వీటితోపాటు, వైద్య విద్య లేకపోయినా శిక్షణ పొందిన కౌన్సెలర్లను నియమించి, నిపుణుల పర్యవేక్షణ కల్పించారు. ప్రభుత్వ కేంద్రాలలో ఆరు నెలలకు కోలుకున్నవారు మొదటి వర్గంలో 42.5 శాతం కాగా, రెండవ వర్గంలో 65.9 శాతం. ప్రైవేటు క్లినిక్కులలో మాత్రం ఇంత తేడా కనిపించలేదు. రద్దీలో రోగికి కొద్ది నిమిషాలే కేటాయించగల ప్రభుత్వ వైద్యుని పక్కన ఓపికగా వినే మనిషి ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఏజెన్సీలోని 30 గ్రామాలలో ఆశా కార్యకర్తలకు, ప్రాథమిక వైద్యులకు శిక్షణనిచ్చి, ట్యాబ్‌ల సహాయంతో అమలు చేసిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' ప్రాజెక్టు ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రుగ్మత ఉన్నదని గుర్తించినవారిలో వైద్య సేవలు పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. వృద్ధి గణనీయమే గానీ, మిగిలిన 87 శాతం మంది ఇంకా గడప దాటలేదన్న సంగతిని విస్మరించరాదు. అనంతరం ఆంధ్రప్రదేశ్, హర్యానాలలోని 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఈ పద్ధతి అమలైన చోట కుంగుబాటు మరింతగా తగ్గినట్లు 2024లో వెల్లడైంది.

తరగతి గది శిక్షణకు కొనసాగింపుగా నిమ్హాన్స్ మరొక పద్ధతిని ప్రవేశపెట్టింది. వైద్యాధికారి తన ఓ.పి.లో రోగిని చూస్తుండగానే నిపుణుడు వీడియో ద్వారా పాల్గొని సూచనలిస్తారు. తరచూ బదిలీలు జరిగే వ్యవస్థలో రెండు వారాల తరగతుల కంటే ఇటువంటి తోడ్పాటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎందరికి శిక్షణ ఇచ్చారన్న లెక్క కంటే, మొదటిసారి వచ్చిన రోగులలో ఎందరు రెండవసారి వచ్చారన్న లెక్కను జిల్లా సమీక్షలలో అడగడం ప్రయోజనకరం.

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 31వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య సంస్థలలోను, జైళ్లలోను పనిచేసే వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక చికిత్సలో శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత. జనాభాకు తగిన సంఖ్యలో నిపుణులను సమకూర్చుకునే కృషికి ఇదే సెక్షన్ విధించిన పదేళ్ల గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. ప్రజలు నేరుగా సలహా పొందేందుకు 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులోను లభిస్తుంది.