దత్తమండలముల పండితులు - అచ్చుపుస్తకముల ముఖపత్రములు

తెలుగు కావ్యములయందు ఆశ్వాసాంతమున గద్య యొకటి యుండుట సర్వవిదితము. కవి తన తండ్రి పేరును, గురువు పేరును, బిరుదములను అందు చెప్పికొనును. వ్యాఖ్యాతలును ఆ మర్యాదనే పాటించిరి. తుదకు తాటాకుపై గంటము పట్టిన లేఖకుడు సైతము సంవత్సర మాస తిథులతో తన పేరు చేర్చి, తప్పులు మన్నింపుడని పెద్దలను వేడుకొనును. ఒక గ్రంథము ఎవరెవరి చేతులమీదుగా వచ్చినదో చదువరికి ఇట్లు తెలియుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున కడప సీమ పాండిత్యము ఇంగ్లీషు అచ్చుపుస్తకములలో చేరి దేశాంతరములకు పోయినప్పుడు ఈ గద్యకు చోటు దొరకలేదు. ముఖపత్రమున ఒక్క పేరే నిలిచెను.

నిజాము 1800లో కుంపిణీవారికి విడిచిపెట్టిన దత్తమండలములలో కడప యొకటి. 1820 ఆగస్టులో చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చటి కలెక్టరునకు సహాయకుడుగా వచ్చెను. పిదప మచిలీపట్టణమునకు మారెను. అచ్చట 1824లో, ఫ్రెంచి మతబోధకుడు డుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరు ఆయన దృష్టికి వచ్చెను. వేమన సమాధి యున్నదని లోకము చెప్పు కటారుపల్లె నాడు కడప జిల్లాలోనిదే. పల్లెలలో పిల్లలు సైతము వల్లించు పద్యముల జాడ, ఐరోపా ముద్రణము చుట్టి వచ్చి దొరకు తెలిసినదన్నమాట. ఆయన వేమన పద్యములను 693 ఏరి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో మదరాసున ప్రకటించెను. 1839 నాటి కూర్పున ఆ సంఖ్య 1164 అయ్యెను.

బ్రౌను మరల కడపకు వచ్చినప్పుడు సొంత ద్రవ్యముతో బంగళాను, తోటను కొని, పండితులను లేఖకులను జీతములిచ్చి అచ్చట నిలిపెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి అచ్చటి పనిని నడిపించుచుండెను. ఆ పని జరిగిన తీరు తెలిసికొనదగినది. ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించుచుండిరి. ఒక ప్రతిని శుద్ధముగా వ్రాసి, పద్యములకు సంఖ్యలు వేసి, తక్కిన ప్రతులలోని పాఠభేదములను దానిలో ఎక్కించుచుండిరి. పిమ్మట పండితులు కూర్చుండి, ఏ పాఠము యతిప్రాసములకును అర్థమునకును ఒప్పునో వాదించుచుండిరి. ప్రతులను సరిపోల్చి సంఖ్యలు వేయుట, సూచికలు కట్టుట ఐరోపా పరిష్కర్తల పద్ధతి. అది బ్రౌను తెచ్చినది. పాఠనిర్ణయము మాత్రము పండితుల సొత్తు. యతిభంగము చెవికి తగిలినవానికే గదా దోషము పట్టుబడుట!

బ్రౌనునకు మచిలీపట్టణమున ఛందస్సు చెప్పినవారు తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య. ఆంధ్ర సంస్కృత ఛందస్సులను గూర్చి ఆయన ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము 1827లో వెలువడెను. తెలుగు భాషావాఙ్మయములను గూర్చిన ఆయన వ్యాసము 1839-40 సంవత్సరములలో మదరాసు సాహిత్య విజ్ఞాన పత్రికయందు వచ్చెను. ఆ వ్యాసమునకు వెనుక నున్నది ఒక్క దొర చదువు కాదు, బంగళాలోని వాదములన్నియు. 1852లో వెలువడిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువును తెరచినచో, పదపదమునకు కావ్యములనుండి ప్రయోగములు కనబడును. అట్టి ప్రయోగములు దొరకుటకు కావ్యములు కంఠస్థములైనవారు కావలయును. జూలూరి అప్పయ్య పేరు ఇందుకు మంచి నిదర్శనము. 1851లో అచ్చయిన మనుచరిత్రమున ఆయన వ్యాఖ్య ఆయన పేరిటనే యున్నది. తెలుగు పుస్తకమున వ్యాఖ్యాతయైన పండితుడు, ఇంగ్లీషు నిఘంటువునకు వచ్చుసరికి దొర చేతిక్రింది మనిషి యయ్యెను.

ఈ నేరమును బ్రౌనుపైననే మోపుట న్యాయము కాదు. తన సాహిత్యజీవితమును గూర్చి వ్రాసినచోట ఆయన పండితులను స్మరించెను. వారి జీతములను చాలవరకు తానే భరించెను. లోపము మర్యాదలో నున్నది. మదరాసు పండితుడు సామగ్రి నిచ్చును, ఇంగ్లీషు దొర గ్రంథము చేయును అను తలపు నాడు అందరిదిని. 1903లో ఆ నిఘంటువును సంస్కరించినవారు ముగ్గురు: ఎం. వేంకటరత్నము, డబ్ల్యు. హెచ్. కాంబెల్, కందుకూరి వీరేశలింగము. వారిలో ఇద్దరు తెలుగువారగుటకు ఏబదియేండ్లు పట్టెను.

పొరుగుననున్న కర్నూలు 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండెను. అచ్చటి కథ వేరు. కడప జిల్లా మాన్యుయలును 1875లో గ్రిబుల్ దొర వ్రాయగా, కర్నూలు జిల్లా మాన్యుయలును 1886లో వ్రాసినవాడు డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ సెట్టి. ముఖపత్రమున ఆయన పేరే యున్నది. ఈయనయే 1872లో శ్రీరంగరాజ చరిత్రమును తెలుగున ప్రకటించినవాడు. రాజశేఖర చరిత్రముకంటె ముందుది గనుక తొలి తెలుగు నవల యిదియే యని పలువురు విమర్శకుల మతము. ఒకే చేతినుండి వెలువడిన ఈ రెంటిలో ఇంగ్లీషు మాన్యుయలు చరిత్రకారుల కందరికి ఆధారమయ్యెను. తెలుగు పుస్తకము చిరకాలము మరుగునపడెను. పేరు దక్కుట యొకటి, భాష దక్కుట మరియొకటి.

కలమళ్ల శాసనము విషయమునను ఇదే చిక్కు. ఆ గ్రామపు చెన్నకేశవాలయ ప్రాంగణమున ఎరికల్ ముత్తురాజు ధనంజయుని తెలుగు శాసనము బయల్పడెను. క్రీ. శ. 575 ప్రాంతపుదని పండితుల నిర్ణయము. కె. ఏ. నీలకంఠశాస్త్రి, ఎం. వేంకటరామయ్యలు దీనిని ఇతర రేనాటి చోళ శాసనములతో కూడ ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున ప్రకటించిరి. ఈమారు పేర్లు మన దేశపువారివే. కాని చర్చ యంతయు ఇంగ్లీషున నడచినది. తెలుగు మొదట నిలిచిన రాళ్లలో ఒకదానిని గూర్చి, కలమళ్ల బడిపంతులు ఆ సంపుటమునుండి నేర్చుకొను వీలు స్వల్పము.

కైఫీయత్తుల గతి కొంత మేలు. కర్నల్ మెకంజీ కొరకు దత్తమండలముల గ్రామకరణములు తమ ఊళ్ల పుట్టుక, గుళ్లు, చెరువులు, పాళెగాండ్ర వృత్తాంతములు చెప్పి వ్రాయించిరి. మెకంజీ 1821లో గతించెను. 1828లో విల్సన్ కలకత్తాలో ప్రకటించిన పట్టికయందు వాటిలో అనేకము కేవలము ఊరిపేరుగా మిగిలినవి. మరికొంత కాలమునకు బ్రౌను, లండనులోని ఇండియా హౌసున పడియున్న దక్షిణదేశ లిఖితప్రతులను మదరాసునకు పంపించెను. స్థానిక చరిత్రములకు నకళ్లను వ్రాయించెను. కడపలో ఆయన బంగళా యుండిన స్థలముననే నేడు సి. పి. బ్రౌను భాషాపరిశోధన కేంద్రమున్నది. కడప జిల్లా కైఫీయత్తులు ఆ కేంద్రమునుండియే సంపుటములుగా, కరణములు పలికిన తెలుగుననే, అచ్చయి వెలువడినవి.