పిస్టన్: రోకలి చుట్టం

నూనె తాగుతూ పొగ కక్కే ఇంజను ‘బోరుకొచ్చింది’ అంటారు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మెకానిక్ షెడ్లలో. హెడ్డు, ఆయిల్ చాంబర్ విప్పి, కనెక్టింగ్ రాడ్డు బోల్టులు తీసి, పిస్టన్‌ను పైనుంచి బయటికి తోస్తారు. లాకులు ఊడదీసి పిన్ను తప్పిస్తే రాడ్డు విడిపోతుంది. పిస్టన్ మీది పోత ఇనుప రింగులను బలవంతంగా సాగదీస్తే పుటుక్కున విరుగుతాయి. అరిగిన బోరును మళ్లీ తొలిచి, ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు.

పిస్టన్ అనే ఈ మాట ఇటాలియన్ ‘పిస్తోనే’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరింది. దాని అసలు అర్థం దంచేది. రోకలికి ఇంగ్లిషులో ఉన్న ‘పెసల్’ అనే పేరూ ఆ ఇంటిదే. ఈ రెంటికీ మూలమైన లాటిన్ ధాతువూ సంస్కృత ‘పిష్’ ధాతువూ ఒకే పురాతన వేరు నుంచి మొలిచాయి. మన పిష్టం, పిష్టపేషణం పుట్టింది ఆ ‘పిష్’ నుంచే. పరాయిదనుకున్న పిస్టన్ ఇలా మనకు దూరపు చుట్టమే.