ఒంటె కడుపులోని తిత్తులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టపల్లెలలో బోటి కడుగుట చూడని విద్యార్థి అరుదు. వేడినీళ్లలో ముంచి గీకిన పిమ్మట గొఱ్ఱె పెద్దపొట్ట లోపలితట్టు తువాలువలె గరుకుగా కనిపించును. దాని నంటియున్న చిన్న గది తేనెపట్టువలె నుండును. కురుమల మందలోని దక్కనీ గొఱ్ఱెయు, ఎడారి ఒంటెయు రెండును నెమరువేయునవే. కాని వాటి కడుపుల లోపొరలు ఒక్కతీరుగా లేవు. ఈ భేదము తెలియనందున ఒక పొరపాటు తరతరములు నిలిచినది.

ఒంటె కడుపు మొదటి గది గోడలో చిన్న చిన్న తిత్తులు వరుసలుగా కలవు. మూతి ఇరుకు, లోపల వెడల్పు. చూచినవారికి నీటికుండలే యని తోచును. ఒంటె గడచిన దాహమునకును, రాబోవు దాహమునకును కలిపి త్రాగునని రోమను రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దిలోనే వ్రాసెను. 1806లో ఆంగ్ల శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్ ఒంటె కడుపును కోసి చూచి, ఆ తిత్తులు నీటి నిలువలేయని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. దప్పికతో ప్రాణముమీదికి వచ్చిన బాటసారి ఒంటెను చంపి, కడుపులోని నీరు త్రాగి బ్రదికెనను కథలకు దీనితో శాస్త్రబలము చేకూరినది. పాపము, అట్లు చచ్చిన ఒంటెలు ఎన్నో!

1953–54లో క్నుట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ దంపతులు సహచరులతో సహారాలోని బెని అబ్బెస్‌కు పోయి ఒంటెలను పరిశీలించిరి. తిత్తులలో దొరికినది మంచినీరు కాదు. నమలిన మేతతో కలిసి, దేహద్రవములంత ఉప్పగానున్న జీర్ణద్రవము. అదియు స్వల్పమే. మరి ఆ తిత్తుల పని యేమి? 1957లో హాన్సెన్‌తో కలిసి క్నుట్ ప్రకటించిన లోపొరల పరిశీలనలో సూక్ష్మదర్శిని దీనికి దారి చూపినది.

గొఱ్ఱె మొదటి మూడు గదుల లోపొర మన చర్మమువలె పలు వరుసల కణములతో, పైన గట్టి కెరటిన్‌తో నుండును. అందు గ్రంథులు లేవు. పెద్దపొట్ట గరుకుతనము సన్నని నాలుకలవంటి మొలకలవలన కలిగినది. భూతద్దమున్నచో ఉపాధ్యాయుడు బోటి ముక్కపైననే వీనిని చూపవచ్చును. ఒంటెకు మాత్రము బొమ్మయే శరణ్యము. ఒంటె మొదటి గదిలోను చాల మేర ఇట్టి పలు వరుసల పొరయే, కాని మొలకలు లేక నున్నగా నుండును. తిత్తులలోనికి దిగిన చోట ఆ పొర అంతమై, ఒకే వరుస స్తంభాకార కణములును, వాటి క్రింద గొట్టములవంటి గ్రంథులును కానవచ్చును. నీటి పాత్రకు ఇన్ని గ్రంథులేల?

ఒంటెకు బంధువైన లామాపై తరువాత జరిగిన ప్రయోగములలో, మేత పులియగా పుట్టు క్రొవ్వు ఆమ్లములను, లవణములను, నీటిని ఈ గ్రంథిపొర త్వరగా పీల్చుకొనునని తేలినది. నీటిని దాచుకొను చోటు కాదు, రక్తములోనికి పంపివేయు చోటన్నమాట!

ఒంటె దప్పికను ఓర్చు తీరు వేరు. బెని అబ్బెస్ ఒంటెలు దేహపు బరువులో నాల్గవవంతు వరకు తగ్గియు బ్రదికినవి. తెల్లవారుజామున 34 డిగ్రీల సెంటీగ్రేడుగా నున్న దేహోష్ణతను పగటివేళ 40 దాటనిచ్చి చెమటను ఆదాచేసినవి. నీరు దొరకినంతనే కొద్ది నిమిషములలో ఆ లోటును పూడ్చుకొన్నవి. ఇక మూపురమందురా, అందున్నదియు నీరు కాదు, క్రొవ్వు.