గల్ఫ్ టికెట్‌కూ కానుగ గింజకూ ఏమిటి సంబంధం? విమానాల కొత్త ఇంధనం గురించి మీరు తెలుసుకోవాల్సినవి

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లొచ్చే వాళ్లు మీ ఇంట్లో లేకపోయినా మీ వాడకట్టులో ఉండే ఉంటారు. 2027 నుంచి వాళ్లెక్కే విమానం ట్యాంకులో మామూలు ఇంధనంతో పాటు కొద్దిగా వాడేసిన వంటనూనె నుంచో, చెరకు మొలాసిస్ నుంచో తీసిన ఇంధనం కూడా కలవాలన్నది కేంద్రం లక్ష్యం. దీన్నే సుస్థిర విమాన ఇంధనం అంటున్నారు, పొట్టిగా 'సాఫ్'. మన దేశం నుంచి బయలుదేరే అంతర్జాతీయ విమానాల్లో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం కలపాలని 2023 నవంబరులో సూచనాత్మక లక్ష్యాలు పెట్టారు, 2030 నాటికి 5 శాతం అన్నది ఆ తర్వాత చేర్చారు. దేశం లోపల తిరిగే విమానాలకు ఇవి వర్తించవు.

ఇదంతా ఢిల్లీ, పానిపట్ వ్యవహారం, మనకేం సంబంధమని అనిపించవచ్చు. కానీ విమానాల పొగకు చెట్ల నూనెతో లెక్క సరిచేసే ప్రయోగం ఆదిలాబాద్ అడవుల్లో ఇరవై ఏళ్ల కిందటే జరిగింది.

పవర్‌గూడ మహిళలకు వచ్చిన 645 డాలర్లు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని చిన్న గోండు గూడెం పవర్‌గూడ. అక్కడి మహిళా సంఘాలు అడవిలో, చేను గట్ల మీద దొరికే కానుగ గింజలు ఏరి నూనె ఆడించేవి. ఐటీడీఏ ఇప్పించిన నూనె మిల్లును వాళ్లే నడిపారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వెన్నంటి ఉన్నారు. 2002లో 4,500 కానుగ మొక్కలు నాటారు.

2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. దానికొచ్చిన ప్రతినిధుల విమాన ప్రయాణాల వల్ల గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా ప్రపంచ బ్యాంకు పవర్‌గూడ మహిళల నుంచి 147 టన్నుల కార్బన్ తగ్గింపును కొన్నది. వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. అంటే టన్నుకు నాలుగు డాలర్ల పైచిలుకు, మొత్తం కలిపి అప్పటి మారకం ధరలో ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో ఎంత కార్బన్ తగ్గుతుందో లెక్కగట్టి ఆ ధర ఇచ్చారు. గూడేనికి అది గౌరవం, నిజమే. సదస్సుకు వచ్చినవాళ్ల టికెట్ల ఖర్చు పక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ బేరం ఎవరికి చౌకగా పడిందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ పద్ధతే పెద్ద ఎత్తున వస్తోంది. ఐక్యరాజ్యసమితి అనుబంధ పౌర విమానయాన సంస్థ తెచ్చిన 'కోర్సియా' పథకం 2027 నుంచి తప్పనిసరి దశలోకి వెళ్తుంది, అందులో మన దేశమూ ఉంటుంది. అంతర్జాతీయ విమానాల కాలుష్యం నిర్ణీత గీత దాటితే, దాటిన మేరకు విమానయాన సంస్థలు పవర్‌గూడ అమ్మినలాంటి కార్బన్ తగ్గింపులు కొనాలి. లేదంటే సాఫ్ వాడి తమ లెక్క తగ్గించుకోవాలి.

కానుగ నూనె నేరుగా పోస్తే విమానం ఎగరదా?

ఎగరదు. కానుగ నూనెతో జనరేటరో డీజిల్ ఇంజినో తిప్పవచ్చు. విమానం ఎగిరే ఎత్తులో బయట చలి మైనస్ 50 డిగ్రీల దాకా ఉంటుంది. మన దగ్గర వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల వరకు గడ్డకట్టకూడదని నిబంధన. మామూలు నూనె, బయోడీజిల్ అంతకు చాలా ముందే పేరుకుపోతాయి.

అందుకే నూనెను రిఫైనరీలో హైడ్రోజన్‌తో శుద్ధి చేసి అందులోని ఆక్సిజన్‌ను తీసేస్తారు. మిగిలేది దాదాపు కిరోసిన్ లాంటిదే. దాన్ని సగం వరకు మామూలు ఇంధనంలో కలిపేందుకు అనుమతి ఉంది. ఇంజిన్ మార్చక్కర్లేదు, విమానాశ్రయంలో పైపులూ మార్చక్కర్లేదు. మరో దారి ఇథనాల్ లాంటి ఆల్కహాల్ నుంచి తయారుచేయడం. ఇంకోటి కట్టె, గడ్డి లాంటి వాటిని గ్యాస్‌గా మార్చి, ఆ గ్యాస్ నుంచి ద్రవ ఇంధనం తీయడం.

మన దేశంలో రుజువులు ఇప్పటికే ఉన్నాయి. 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం ఒకటి జత్రోఫా నూనె నుంచి తీసిన ఇంధనం కలుపుకొని డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరింది. ఆ ఇంధనం తయారుచేసింది డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ. 2023 మేలో ఎయిర్ ఏషియా ఇండియా విమానం స్వదేశీ సాఫ్‌తో పుణె నుంచి ఢిల్లీ వెళ్లింది. 2025 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి, వాడేసిన వంటనూనెతో సాఫ్ చేసేందుకు అంతర్జాతీయ ధ్రువీకరణ దక్కింది. ఏటా 35 వేల టన్నులు తీయాలన్నది అక్కడి లక్ష్యం.

ఒక్కటి గుర్తుంచుకోండి. సాఫ్ మండినా పొగ వస్తుంది. మొక్క పెరిగేటప్పుడు గాలి నుంచి పీల్చుకున్న కార్బనే తిరిగి గాలిలోకి వెళ్తుంది కాబట్టి మొత్తం మీద తగ్గినట్టు లెక్కిస్తారు. ఆ తగ్గింపు బాగా చేస్తే 80 శాతం దాకా ఉంటుంది. అంటే 5 శాతం కలిపితే ఆ ప్రయాణపు కాలుష్యం తగ్గేది మహా అయితే 4 శాతం. 'పచ్చ విమానం' అని ప్రకటన కనిపిస్తే ఎంత శాతం కలిపారో చూసుకోండి.

టికెట్ ఎంత పెరుగుతుంది?

ఇది మా ఉజ్జాయింపు లెక్క. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. 180 సీట్ల విమానం రమారమి 10 టన్నుల ఇంధనం తాగుతుంది. విమానం నిండితే తలకు 55 కిలోలు. మామూలు ఇంధనం కిలో వంద రూపాయలనుకుందాం, సాఫ్ దానికి మూడింతలనుకుందాం. 1 శాతం కలిపితే ఒక్కొక్కరి మీద అదనంగా పడేది 110 రూపాయలు. 5 శాతం అయితే 550. సాఫ్ ధర అయిదింతలైతే 220, 1,100 అవుతాయి. పండక్కి ఇంటికొచ్చే కూలీకి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు.

మన దగ్గర ముడిసరుకు ఉందా?

ఉంది, కానీ ప్రతిదానికీ ఒక మెలిక ఉంది.

కానుగ చెట్టు కరువుకు తట్టుకుంటుంది, నేలకు నత్రజని ఇస్తుంది, పశువులు పెద్దగా ముట్టవు. నూనె తినేది కాదు కాబట్టి వంటింటితో పోటీ లేదు. గింజలో నూనె పాతిక నుంచి ముప్పై శాతం వరకు ఉంటుంది. అయితే నాటిన నాలుగైదేళ్లకు గానీ కాపు మొదలవదు, గింజలు ఏరడం, కొట్టడం అంతా చేతిపని. పైన చెప్పిన దుబాయ్ విమానంలో 5 శాతమంటే 500 కిలోల ఇంధనం. అంత రావాలంటే మూడు నాలుగు టన్నుల గింజలు కావాలి, అదీ ఒక్క ట్రిప్పుకు. ఏరే వాళ్లకు కూలి గిట్టకపోతే ఈ పథకం కాగితం దాటదు.

పత్తి కట్టె సంగతి ఇంకో రకం. ఆదిలాబాద్‌లో పత్తి ఏరడం అయ్యాక చాలా చేన్లలో కట్టెను కుప్పపోసి కాల్చేస్తారు. కరీంనగర్ వైపు వరి కొయ్యకాళ్లదీ అదే కథ. సరుకు కొరత లేదు. తేలికగా ఉండి ట్రాలీ నిండా స్థలం ఆక్రమించే ఈ కట్టెను చేను నుంచి ఫ్యాక్టరీ దాకా మోసే కిరాయే అసలు సమస్య.

ఇక ఇథనాల్. టన్ను విమాన ఇంధనానికి టన్నున్నరకు పైగా ఇథనాల్ కావాలి. దాని కోసం ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తే ఏమవుతుందో నిర్మల్ జిల్లా చూసింది. 2024 నవంబరులో దిలావర్‌పూర్, గుండంపల్లి రైతులు ఇథనాల్ పరిశ్రమ తమ నీళ్లనూ పంటలనూ పాడుచేస్తుందని రోడ్డెక్కారు. చివరికి అధికారులు పనులు ఆపించాల్సి వచ్చింది. విమానం పొగ తగ్గించడానికి ఊరి బోరు నీళ్లు పణంగా పెట్టమంటే ఒప్పుకునే ఊరు ఉండదు. కాబట్టి ముందు జరగాల్సింది గ్రామసభ.

బజ్జీల మూకుడులో మిగిలిన నూనె

పట్నంలో ఉన్న మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. పదే పదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు ఎంత వాడిందీ, మిగిలింది ఎవరికిచ్చిందీ రాసి పెట్టాలి. అది గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. సేకరణదారుల వివరాలు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో 'రూకో' పేరుతో ఉన్న పేజీలో దొరుకుతాయి.

మీరు హోటలో, మెస్సో, స్వీట్ షాపో నడుపుతుంటే నూనె చల్లారాక వడగట్టి డబ్బాలో పోసి, ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. చిల్లరగా కొనుక్కుపోయే వాళ్లకు అమ్మితే అది మళ్లీ ఏదో బండి మీద మూకుడులోకే చేరవచ్చు. ఇంట్లో మిగిలిన కొద్దిపాటి నూనెను సింకులో మాత్రం పోయకండి, డ్రైనేజీ పైపులో పేరుకుపోతుంది. నల్లబడి చిక్కబడ్డ నూనెలోనే వేయిస్తున్న హోటల్ మీ కంట పడితే 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు.