అఫ్జల్‌గంజ్ ఆసుపత్రియు మూసీ నీళ్లును

ఇల్లు కట్టదలచినవాడు ముహూర్తము పెట్టించును. మన పెద్దలు దానితోపాటు చూరునీరు ఎటు పారునో, పెరటి మురుగు ఎవరి దొడ్డిలోనికి పోవునో కూడ విచారించెడివారు. పదిమందికై కట్టు కట్టడమునకు ఈ విచారము మరింత అవసరము. హైదరాబాదులోని ఒక ఆసుపత్రి చరిత్ర ఇందుకు నిదర్శనము.

మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1866లో, మూసీనది ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్‌లో ఆ ఆసుపత్రి వెలసినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన నది పొంగి దానిని తుడిచిపెట్టెను. నగరమున పదునైదువేల మంది మరణించిరని అంచనా. ఆవరణములోని చింతచెట్టు నెక్కి ఇంచుమించు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఆ తరువాత నూరేండ్లు దాటియు నిలిచినది.

అంత నీరు ఎక్కడిది? చెరువు క్రింద సేద్యము చేయు మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నగరమునకు ఎగువను 788 చెరువులుండెను. సుమారు చదరపు మైలునకు ఒకటి చొప్పున. ఆ వానకు 221 చెరువులకు గండ్లు పడినవి. పైచెరువు తెగిన నీరు క్రిందిచెరువుమీద పడును; దాని అలుగు చాలదు, కట్టయు ఆగదు. ఆ విధముగా వరుసగా తెగిన నీరంతయు ఒక్కుమ్మడిగా నగరముమీదికి వచ్చినది.

1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. వారు బొంబాయి ప్రభుత్వపు కొలువు అప్పుడే విడిచియుండిరి. ఆయన చికిత్సను నగరములో గాక ఎగువను వెదకెను. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయములు కట్టి వరదను అక్కడనే పట్టవలెననియు, నగరములో గట్లు పెంచవలెననియు, నది రెండు ప్రక్కల భూమిలో మురుగుకాలువలు వేసి మలినజలమును నగరపు దిగువకు కొనిపోవలెననియు సూచించెను. ఈ మూడవ మాట జ్ఞాపకముంచుకొనుడు.

1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడినది. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. దక్షిణపు గట్టున 1920లో హైకోర్టు భవనము తెరువబడినది. ఉత్తరపు గట్టున ఆసుపత్రి ఉస్మానియా అను పేరుతో మరల లేచినది. దానికి రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్. మునిగిన చోటనే మరల కట్టుట సాహసమని తోచవచ్చును. ఆ సాహసమునకు ఆధారము దాని పునాదిలో లేదు. మైళ్ల దూరమున నున్న ఆ రెండు ఆనకట్టలలో ఉన్నది.

మురుగు మాటకు వచ్చునప్పటికి కథ వేరు. నగరమునకు క్రమమైన భూగర్భపు మురుగుకాలువల ఏర్పాటు 1931లోగాని మొదలుకాలేదు. అదియును 54 చదరపు కిలోమీటర్ల మేరకు, 4,68,000 మంది జనమునకు ఉద్దేశింపబడినది. జనము లక్షలు దాటి కోటికి చేరుచుండ, కాలువ వెడల్పు తనంతట పెరుగదు. మురుగుకాలువకు వాలు చాలనిచో మడ్డి పేరుకొనును. నది నిండుగా పారునప్పుడు కాలువ మూతికి నీరు అడ్డుపడి మురుగు వెనుకకు తన్నును. రోడ్డుమీద రోడ్డు వేసినకొలదియు వీధి పైకి లేచును, పాత కట్టడపు గచ్చు పల్లమగును. ఇట్టివి ఏ నగరములోనైనను జరుగునవే. అందుచే వానిని ఎవరును కనిపెట్టరు.

2020 జూలైలో భారీవానకు ఉస్మానియా ఆసుపత్రి పాత కట్టడములో రోగులు పండుకొన్న గదులలోనికి నీరు చొచ్చినది. ఈసారి వచ్చినది మూసీవరద కాదు, మురుగుతో కలిసిన వాననీరు. మంచముల క్రింద అది నిలిచియుండగా రోగులను మరియొక చోటికి మార్చవలసివచ్చెను. ఆ నెలలోనే పాతకట్టడమును మూసివేసిరి.

క్రొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31వ తేదీన గోషామహలులో శంకుస్థాపన జరిగినది. ఆ ప్రాంతమునకును తన కాలువలు కలవు. అక్కడి చాక్నావాడిలో 2022 డిసెంబరులో కాలువపై కప్పు కూలి, దానిపై నిలిచిన బండ్లు, సరకు లమ్ముకొనువారు లోపల పడిరి. ఆసుపత్రి వాడిన నీరు సామాన్యమైన మురుగు కాదు, రోగమును మోయు నీరు. అది వాననీటితో కలియకుండ ఏ దారిన పోవును? కప్పు క్రింద కనబడని పాతకాలువ ఎంత బరువు మోయగలదు? పునాది త్రవ్వకమునుపే ఈ ప్రశ్నలకు కొలతలతో సమాధానము చెప్పవలసినవారు ఇంజనీర్లు. అడుగవలసినవారు ఆ పేటవాసులు.