గొంగడి – గుణపరీక్ష

మార్గశిరమాసము సగము గడచునప్పటికి ఇందిరాపురమున చలి బయటపడును. న్యాయఖండము, నీతిఖండము, జ్ఞానఖండము అని ఏదో పురాణమునందలి విభాగములవలె పేర్లు పెట్టుకొన్న ఆ పేటలలో, తెలుగునాటినుండి బదిలీపై వచ్చి క్రొత్తగా కాపురము పెట్టిన ఉద్యోగి చేయు మొదటి పెద్ద కొనుగోలు కంబళియే. రోడ్డు ప్రక్క బండ్లమీద పూలరగ్గులు గుట్టలుగా పేర్చియుండును. అమ్మువాడు ‘అసలైన ఉన్ని’ అనును. కొనువాడు చేతితో నిమిరి, మెత్తగా నున్నది గదా యని సంతోషించి డబ్బు చెల్లించును. ఆ మెత్తదనము పెక్కుమార్లు పాలియెస్టరుది, ఉన్నిది కాదు.

ఆ ఉద్యోగి తాతగారు పాలమూరులోనో, మెదకులోనో, అనంతపురములోనో సంతకు పోయి తమ మొదటి గొంగడి కొన్ననాడు ఇంత సులభముగా మోసపోయి యుండరు. ఉన్నిగుడ్డను పరీక్షించు విద్య మనకు క్రొత్తది కాదు. దానికి పెద్ద చరిత్రయే కలదు.

తెలంగాణమున గొంగడి, కోస్తాలో గొంగళి, రాయలసీమలో కంబళి. పేరేదైనను వస్తువు ఒక్కటే. గొంగళిపురుగునకు ఆ పేరు వచ్చినది ఈ గుడ్డ నూగును చూచియే. గొంగట్లో అన్నము తినుచు వెండ్రుక లేరినట్లు అను సామెత వినని తెలుగువా డుండడు. కంబళి అనునది సంస్కృత ‘కంబల’ శబ్దభవము. బుద్ధుని సమకాలికులలో అజితుడను తత్త్వవేత్త కేశములతో నేసిన కంబళి కప్పుకొనుటచే ‘కేశకంబలి’ యని ప్రసిద్ధుడయ్యెను. పాణిని ‘కంబల్య’మను మాటకొఱకు ఒక సూత్రమునే కేటాయించెను. అది నూరు పలముల ఉన్నికి పేరని వ్యాఖ్యాతలు వివరించిరి. ఒక కంబళికి ఇంత ఉన్ని పట్టవలెనను లెక్క ఆనాటికే ఏర్పడి యుండెనని దీనినిబట్టి ఊహింపవచ్చును. తూకము తగ్గినచో అది కంబళి కాదన్నమాట.

ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము కౌటిల్యుని అర్థశాస్త్రమున నున్నది. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1905లో తాళపత్రములలో గుర్తించి, 1909లో అచ్చువేయించిన ఆ గ్రంథమున, రాజకోశమునకు చేర్చదగిన వస్తువులను పరీక్షించు ప్రకరణ మొకటి కలదు. ముత్యములు, వజ్రములు, చందనము మొదలగువాని పిమ్మట గొఱ్ఱెయున్ని కంబళ్ళు వచ్చును. కోశాధ్యక్షుడు వజ్రమును చూచిన కంటితోనే కంబళిని కూడ చూడవలెనని శాస్త్రకారుని మతము. తాకినపుడు జారునట్లును, తడిగా నున్నదా యనిపించునట్లును, నూలు సన్నముగను, స్పర్శ మృదువుగను ఉన్నది ఉత్తమమని ఆయన నిర్ణయించెను. ఎనిమిది ముక్కలు కలిపి కుట్టిన నల్లని నేపాళపు కంబళి వానను ఆపునని కూడ వ్రాసెను. ‘తడిగా నున్నట్లు’ అను లక్షణము చదువరికి వింతగా తోచవచ్చును. కాని కడిగి చంపని ఉన్నిలో గొఱ్ఱె చర్మపు జిడ్డు కొంత నిలిచియుండును. చేతికి చల్లగా, నున్నగా తగులునది ఆ జిడ్డే. వాననీటిని తోసివేయునదియు అదియే.

తెలుగుదేశపు గొఱ్ఱెను గూర్చి విదేశీయుని సాక్ష్యము పదమూడవ శతాబ్దిలోనే లభించుచున్నది. మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఆ రాజ్యమును ఏలు రాణిని మిక్కిలి కొనియాడెను. ఆమె రుద్రమదేవియని చరిత్రకారులు గుర్తించిరి. అచటి సన్నని బట్టలను సాలెగూటి దారములతో పోల్చిన మాటను మన చరిత్ర గ్రంథములన్నియు ఉదాహరించును. ప్రపంచమున కెల్ల పెద్దవైన గొఱ్ఱెలు ఆ దేశమున నున్నవని ఆతడే చెప్పిన మాటను మాత్రము ఎవరును అంతగా పట్టించుకొన్నట్లు కానరాదు. సన్నబట్టకు దక్కిన గౌరవము ముతకగుడ్డకు ఏనాడును దక్కలేదు.

గొంగడికి మూలము దక్కని జాతి గొఱ్ఱె. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, రాయలసీమల మెట్టభూములలో ఎండకు, కఱవునకు తట్టుకొని తిరుగు జీవమిది. నల్లని ఉన్ని దీని సొత్తు. కురుమలు ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరింతురు. ఒక్క గొఱ్ఱె సంవత్సరమున కిచ్చు ఉన్ని కిలోకు మించదు. కావున ఒక్క గొంగడి వెనుక చిన్న మంద యున్నదని తలంపవలెను. ఉన్నిని వింటితో ఏకుట, రాట్నముపై వడకుట, పడుగు చాచి చింతగింజల గంజిని కుంచెతో పట్టించుట, గుంటమగ్గముపై నేయుట, ఇవన్నియు చేతిపనులే. వడకుపని విశేషముగా స్త్రీలది. 1909లో థర్‌స్టన్ దక్షిణదేశపు కులములను గూర్చి వెలువరించిన ఏడు సంపుటములలో కురుబల కంబళినేత ప్రసక్తి కలదు. ఒగ్గుకథకులు పాడు మల్లన్న, బీరప్ప కథలు ఈ గొఱ్ఱెలకాపరుల లోకమునందే పుట్టినవి. గొంగడి వారికి పగలు వస్త్రము, రాత్రి పడక, వానలో గొడుగు. ఒక కొనను మడచి తలపై కొప్పెరగా వేసికొన్నచో జడివానలోను మందను కాయవచ్చును. 1946 జూలై 4న కడివెండిలో తుపాకి గుండునకు బలియైన దొడ్డి కొమరయ్య ఈ కురుమ కుటుంబమువాడే. 2023లో దివంగతుడైన గద్దరు భుజమున గొంగడి లేకుండ వేదిక నెక్కిన సందర్భము లరుదు.

ఇక పరీక్ష మాట. క్రొత్త గొంగడి బిరుసుగా నుండును. అది దోషము కాదు. చింతగింజల గంజి యింకను వదలలేదని అర్థము. ముట్టుకొన్నంతనే పత్తివలె మెత్తగా నున్నదే అనుమానింపదగినది. గుడ్డను ఎండకెదురుగా పట్టి చూడవలెను. వెలుతురు చుక్కచుక్కలుగా, అంతటను ఒక్కరీతిగా కనిపించినచో నేత గట్టిది. అక్కడక్కడ కిటికీలు తెఱచినట్లు కనిపించినచో నేతగాడు నూలు మిగుల్చుకొన్నాడు. ఒక్క దారము లాగి పురి విప్పి చూడవలెను. చేతివడుకు దారము కొంతమేర లావు, కొంతమేర సన్నమై యుండును. ఆద్యంతము ఒకే లావున నున్నచో అది మిల్లుదారము. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినపుడు నలుపంటినచో అద్దకము వేసినారని తెలియును. గొఱ్ఱె తనకు తానై యిచ్చిన నలుపు అంటదు. చారెడు నీళ్ళు పోసినచో మంచి గొంగడిమీద అవి వెంటనే ఇంకక బొట్లుగా దొరలును. అంచులు జారినవా, కొసలలోని ముడులు బిగువుగా నున్నవా యని చూచుట మఱువరాదు. అమ్మువా డంగీకరించినచో ఒక పోగు కాల్చి చూచుట ఉత్తమోత్తమము. ఉన్ని కాలినచో వెండ్రుకలు కాలిన కంపు కొట్టి, బూడిద వ్రేళ్ళమధ్య పొడియగును. పాలియెస్టరు కరగి గట్టి పూసవలె ముద్దకట్టును.

వెండ్రుకలు రాలుటను చూచి బెదరుట తగదు. సామెత పుట్టినది అందువలననే గదా! పొడవైన పోచలు కొన్ని రాలుట గొంగడికి సహజము. దులిపినపుడు పొట్టిపొట్టి నూగు ధూళివలె లేచినచో అది వేఱు కథ. ఢిల్లీ పరిసరములలో అమ్ముడగు చౌక ఉన్ని రగ్గులలో పెక్కు పానిపట్టునుండి వచ్చును. 1947 విభజన తరువాత పశ్చిమ పంజాబునుండి వచ్చిన నేతపనివారు నిలదొక్కుకొన్న ఆ పట్టణమున, విదేశములనుండి దిగుమతియగు పాత ఉన్నిబట్టలను చీల్చి, పీచుచేసి, మరల వడకి రగ్గులు చేయుదురు. 1813లో ఇంగ్లండునందలి బాట్లేలో బెంజమిన్ లా అనునతడు ఆరంభించిన ఈ పద్ధతికి ‘షాడీ’ యని పేరు. నాసిరకము అను అర్థమున ఇంగ్లీషువారు నేడు వాడు మాట ఇదియే. చీల్చునపుడు పోచ తెగి పొట్టిదగును. ఆ పొట్టిపోచయే నూగుగా రాలును. పేదవానికి చలికాలమున అదియు ఉపకారియే. అసలు ఉన్ని ధరకు అమ్ముట మాత్రము అన్యాయము.

విజయ్ చౌక్‌లో ఏటేట జనవరి 29న జరుగు బీటింగ్ రిట్రీట్ చూచినవారికి, బ్యాగ్‌పైపు వాద్యగాండ్ర భుజములమీది గళ్ళ ఉన్నిగుడ్డ పరిచితమే. దానికి పుట్టినిల్లు స్కాట్లండు కొండసీమ. అచటి పశులకాపరులు పూర్వము పెద్ద ఉన్నిదుప్పటిని నడుమున పటకాతో బిగించి, మిగిలినది భుజముపై వేసికొని, రాత్రి దానినే కప్పుకొని పరుండెడివారు. అనగా అది వారి గొంగడి. నడుమునకు దిగువభాగము మాత్రమే మిగిలి కిల్టు అయ్యెను. కల్లోడెన్ యుద్ధము ముగిసిన 1746లోనే బ్రిటిషు పార్లమెంటు కొండవారి దుస్తులను నిషేధించెను. మొదటి తప్పునకు ఆరునెలల చెఱ. రెండవమాఱు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. సైనికులకు మాత్రము మినహాయింపు లభించెను. 1782లో శాసనము రద్దగుసరికి ఒక తరము గడచిపోయినది. అయినను కిల్టు చావలేదు. 1819 నాటికి బానక్‌బర్న్‌లోని విల్సన్ సంస్థవారు గళ్ళ లెక్కలను పుస్తకమున కెక్కించిరి. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరోలో దానినే ధరించెను. 2009లో స్కాట్లండు ప్రభుత్వము ఈ గళ్ళ నమూనాలకు అధికారికమైన రిజిస్టరు తెఱచినది.

మొదటి కిల్టు కొను స్కాట్లండు యువకునికి నేటికిని ఇంటి పెద్దలు పరీక్ష నేర్పుదురు. ఎనిమిది గజముల గుడ్డ, అనగా మన ఆరుగజముల చీరకన్న రెండు గజము లధికము. వెనుక కుచ్చెళ్ళు పోసినను గళ్ళవరుస చెదరక కలిసిరావలెను. కుట్టు చేతిది కావలెను. క్రిందిఅంచు మడచి కుట్టినది గాక, మగ్గముమీదనే వచ్చిన అంచై యుండవలెను. నడుము పెరిగినపుడు వదులుచేసికొని, తదుపరి కుమారునకు ఇచ్చుటకు వీలుండవలెను. కొనువాడు ఇన్ని అడుగును గనుకనే కుట్టువాడు ఇన్నియు చేయుచున్నాడు.

గొంగడిని ఏ ప్రభుత్వమును నిషేధింపలేదు. దానిని తగ్గించినది గొఱ్ఱె మార్పు. మాంసమునకు గిరాకి పెరిగినకొలది ఉన్నిలేని వెండ్రుకజాతి, ముఖ్యముగా నెల్లూరు గొఱ్ఱె, దక్కని మందలలో ప్రవేశించెను. 2017 జూన్ 20న తెలంగాణ ప్రభుత్వ మారంభించిన పథకమున, ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున మందలను నూటికి డెబ్బదియైదు వంతుల సబ్సిడీపై ఇచ్చిరి. పొరుగు రాష్ట్రములనుండి కొనితెచ్చిన ఆ జీవములలో వెండ్రుకజాతివియు చేరినవి. కాపరికి అది ఆదాయమే, ఆతనిని తప్పుపట్టరాదు. ఉన్ని ధర కత్తిరింపు కూలికైనను చాలనపుడు ఆతడు దానిని పాఱవేయక ఏమి చేయును? రాజస్థానమున 1962లో కేంద్ర గొఱ్ఱె–ఉన్ని పరిశోధనసంస్థ వెలసిన ఊరిపేరు అవికానగరము. ‘అవి’ యన గొఱ్ఱె. కౌటిల్యుడు కంబళ్ళను ‘ఆవికము’ లన్నది ఈ శబ్దమునుండియే. శబ్దము నిలిచినది. పాలమూరు పల్లెలలో గుంటమగ్గములు మాత్రము పూడుచున్నవి. ఇటీవల హైదరాబాదున కొందఱు యువకులు గొంగడిగుడ్డతో పాదరక్షలు చేసి అమ్ముచున్నారు. కప్పుకొనుటకు గొంగడి కావలెనని నేతగానియొద్దకే పోవువారు కొలదిమంది.

సెలవులలో స్వస్థలమునకు పోయినపుడు ఒకటి కొనితెచ్చుకొన్నవారు దానిని వాషింగుమెషీనులో వేయరాదు. గంజి పోవుటకు చన్నీట ఒక్కసారి జాడించి, పిండక, నీడను ఆరవేయవలెను. ఫాల్గుణము దాటగనే ఇందిరాపురపు బాల్కనీలో ఒక పగలు ఎండ చూపి, ఎండిన వేపాకు మడతలలో నుంచి, ప్లాస్టిక్ సంచిలో గాక పాత నూలుచీరలో చుట్టి దాచిన పురుగు చేరదు. మొదటి చలికాలమున కొంచెము గుచ్చుకొనును; రెండవ యేట అది మెత్తబడును.