పుట్టగొడుగు విత్తనం వడ్లలా దాచుకోలేమా? ప్రతిసారీ స్పాన్ ఎందుకు కొనాలంటే..

కార్వేటినగరం: కోతలయ్యాక కాసిన్ని వడ్లు విత్తనానికి పక్కన పెట్టుకోవడం చిత్తూరు జిల్లా రైతులకు కొత్తేం కాదు. మరి వరిగడ్డి బెడ్లలో ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచేవాళ్లు ప్రతిసారీ స్పాన్ ఎందుకు కొనాలి? గొడుగు కింద రాలే పొడినే మళ్లీ చల్లుకుంటే సరిపోదా? సరిపోదు. కారణం వాటి జన్యువుల్లోనే ఉంది.

ఆ పొడి విత్తనం కాదు

గొడుగు అడుగున రేకుల నుంచి రాలేవి స్పోర్లు. వడ్లగింజలో తల్లి, తండ్రి ఇద్దరి జన్యువులూ ఉంటాయి. ఆయిస్టర్ స్పోర్‌లో ఉండేది సగమే. ఒక్క స్పోర్ మొలిస్తే తెల్లటి దారాల్లాంటి బూజు వస్తుంది కానీ, మామూలుగా గొడుగు రాదు. సరిజోడైన ఇంకో బూజు దానితో కలవాలి. ఇద్దరి కేంద్రకాలూ ఒకే కణంలో పక్కపక్కన చేరితేనే కాపు.

జోడీ కుదిరేది ఇలా..

వీటిలో ఆడ, మగ అంటూ ఉండవు. 'మేటింగ్ టైప్‌'లు ఉంటాయి. ఆయిస్టర్‌లో వీటిని ఎ, బి అనే రెండు జన్యు స్థానాలు నిర్ణయిస్తాయి. ఎదుటి బూజును గుర్తుపట్టే రసాయన సంకేతాలు 'బి' పని. జతపడిన కేంద్రకాలు కలిసి విభజన చెందేలా చూడటం 'ఎ' పని. రెండు చోట్లా తేడా ఉండాల్సిందే. ఒకే గోత్రంలో సంబంధం కలుపుకోనట్టే అన్నమాట!

ఒకే పుట్టగొడుగు స్పోర్లలో నాలుగు రకాలుంటాయి: ఎ1బి1, ఎ2బి2, ఎ1బి2, ఎ2బి1. ఎ1బి1కి ఎ2బి2 ఒక్కటే సరిపోతుంది. అంటే తోబుట్టువుల మధ్య జోడీ కుదిరే అవకాశం 25 శాతమే. బయటి పుట్టగొడుగుతో అయితే దాదాపు ప్రతిసారీ కుదురుతుంది. ఎందుకంటే ప్రకృతిలో ఎ, బి రకాలు చాలా ఉన్నాయి. మణిపూర్‌లో కూర వండుకునే 'కాంగ్లాయెన్' అనే పుట్టగొడుగు జాతిలో అయితే 20 వేలకు పైగా మేటింగ్ టైప్‌లు ఉన్నాయని అంచనా. ఈ జోడీల సంగతిని 1918-20 మధ్య మతిల్డ్ బెన్సౌద్, జర్మనీ శాస్త్రవేత్త హాన్స్ క్నీప్ బయటపెట్టారు.

బటన్ దారి వేరు

మార్కెట్లో దొరికే బటన్ పుట్టగొడుగులో ఎక్కువ స్పోర్లకు పుట్టుకతోనే రెండు కేంద్రకాలుంటాయి. ఒక్క స్పోరే కాపు ఇవ్వగలదు. రైతుకు ఇది బాగానే అనిపించినా, కొత్త హైబ్రిడ్ తయారుచేసేవాళ్లకు పెద్ద తలనొప్పి. వేరే రకంతో కలపడానికి ఒంటరి స్పోర్ దొరకడమే కష్టం. అందుకే తొలి వాణిజ్య హైబ్రిడ్‌లు నెదర్లాండ్స్ నుంచి 1980ల మొదట్లో కానీ రాలేదు.

మరి స్పాన్‌లో ఏముంది?

చాలామంది స్పాన్‌లోని జొన్న, గోధుమ గింజలనే విత్తనం అనుకుంటారు. గింజ కేవలం ఆహారం. అసలు సరుకు దాని మీద అల్లుకున్న తెల్లటి బూజు. బాగా కాసే పుట్టగొడుగు లోపలి కండ నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పెంచుతారు. అందులో జోడీ ముందే కుదిరి ఉంటుంది కాబట్టి తల్లి గుణాలే వస్తాయి.

స్పోర్లు చల్లితే? వేలల్లో కొన్ని జోడీలు కుదరొచ్చు. కానీ ప్రతి జోడీ ఓ కొత్త రకమే. ఒకటి త్వరగా కాస్తుంది, ఇంకొకటి అసలు కాయదు. గడ్డి, కూలి, రోజులు అన్నీ పెట్టాక అదృష్టం మీద ఆధారపడాల్సి వస్తుంది.

అందుకే స్పాన్‌ను నమ్మకమైన ల్యాబ్ నుంచే తీసుకోవాలి. ప్యాకెట్‌లో బూజు తెల్లగా, ఒకేలా అల్లుకుని ఉండాలి. ఆకుపచ్చ, నల్ల మచ్చలు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా వెనక్కి ఇచ్చేయడమే మేలు.